నేలలో బానలు, పందిరి మీద తాతల ద్రాక్ష

రెండు నెలల క్రితం ఇదే పేజీలో ద్రాక్ష కత్తిరింపుల గురించి రాస్తూ, మధ్యలో జార్జియా దేశం ప్రస్తావన తెచ్చాను. అక్కడ తాతల నాటి తోటల్ని, నేలలో పాతిన మట్టి బానల్ని మనవలు మళ్లీ వాడకంలోకి తెచ్చి ఇంటి పేరు మీద వైన్ చేస్తున్నారని నాలుగు వాక్యాలు రాశాను, అంతే. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు మామిడి పూత రాలడం గురించి రాసినప్పుడు కూడా రాలేదు. అందుకని ఈసారి పేజీ అంతా వాటికే. నేను ఉద్యాన శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేను పుట్టింది కూడా ద్రాక్ష తోట ఉన్న ఇంట్లోనే. వైన్ తాగే అలవాటు నాకు లేదు. నా ఆసక్తంతా తీగ మీద, మట్టి మీద, వాటిని కాపాడుకున్న మనుషుల మీద.

మా బాబు జార్జియాలో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఫ్రెండ్ వాళ్ల ఊరికి వెళ్లి ఫొటోలు పంపాడు. ఇంటి పక్క గదిలో నేల మీద గుండ్రటి రంధ్రాలు, వాటి మీద రాతి మూతలు ఉన్నాయి. వైనంతా ఆ నేల కిందే ఉందట. అలా పాతిపెట్టడం ఎందుకండీ? పాడైపోదా? – ఒక తల్లి, సిద్దిపేట

అమ్మా, మీ బాబు పుణ్యాన మంచి ప్రశ్న వచ్చింది. మిగతా పాఠకుల కోసం ఒక మాట చెబుతాను. మనవాళ్లు చాలామంది ఉన్న అట్లాంటా వైపు జార్జియా కాదు ఇది. కాకసస్ పర్వతాల కింద, నల్ల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. రాజధాని టిబిలిసి. మన రెండు రాష్ట్రాల పిల్లలు డాక్టరీ చదువుకు వెళుతున్నది అక్కడికే.

ఆ ఫొటోలో ఉన్న బానను క్వెవ్రి అంటారు. అవి ఉండే గదిని మరాని అంటారు. మన ఊళ్లలో పూర్వం ధాన్యం పాతరలు ఉండేవి కదా, పైన నేల మామూలుగా కనపడేది, కింద ఏడాది గింజలుండేవి. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇందులో మెడ దాకా పాతేసిన పెద్ద మట్టి బాన ఉంటుంది. మన కాగు అంత చిన్నవీ ఉంటాయి, మనిషి లోపల నిలబడగలిగేవీ ఉంటాయి. ఇళ్లలో వెయ్యి, రెండు వేల లీటర్లు పట్టేవి మామూలే.

దాన్ని సారె మీద చేయలేరు. కుమ్మరి మట్టిని తాళ్లలా పేని వరస మీద వరస పెట్టుకుంటూ పోతాడు. ఒక వరస కాస్త ఆరితేనే పై వరస నిలుస్తుంది, లేకపోతే బరువుకు కూలిపోతుంది. పెద్ద బాన ఒకటి పూర్తి కావడానికి నెల, రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత దాదాపు వారం రోజులు కట్టెల మంట మీద ఆవం కాలుతుంది. బాన ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. ఆ మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకుతుంది. బయట సున్నం పట్టించి పాతుతారు.

పాతడం ఎందుకంటే, నేల కింద చల్లదనం ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. ద్రాక్ష రసం పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడిని చుట్టూ ఉన్న మట్టే లాగేసుకుంటుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదే పనికి స్టీలు ట్యాంకుల చుట్టూ చల్లటి నీళ్లు తిప్పే యంత్రాలు పెడతారు, వాటికి కరెంటు కావాలి. ఈ బానకు కరెంటుతో పని లేదు. ఆకారం కూడా ఊరికే పెట్టింది కాదు. అడుగు గుడ్డు కొసలా సన్నగా ఉంటుంది కాబట్టి గింజలు జారి ఆ కొసలో చేరతాయి, వాటి మీద మడ్డి పేరుకుంటుంది. దాంతో గింజల చేదు పైకి రాదు.

జార్జియా తూర్పున ఉన్న కఖేతి ప్రాంతంలో తెల్ల ద్రాక్షను కూడా తొక్క, గింజ, ఒక్కోసారి తొడిమతో సహా బానలో వేస్తారు. మొదటి రోజుల్లో తొక్కలు పైకి తేలి గట్టిగా పొరలా కడతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు పొడుగాటి కర్రతో ఆ పొరను కిందికి తొక్కుతూ ఉండాలి, లేదంటే పైభాగం చెడిపోతుంది. పొంగు తగ్గాక రాతి మూత పెట్టి, అంచున తడి మట్టి మెత్తుతారు. మళ్లీ వసంతంలోనే తీయడం. ఆవకాయ జాడీకి వాసెన కట్టి పక్కన పెట్టినంత నమ్మకంగా దాన్ని వదిలేస్తారు. ఆరు నెలలు తొక్కల్లో ఊరిన తెల్ల ద్రాక్ష వైన్ బాగా కాచిన టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. తొక్కల్లోని వగరే దాన్ని చెడకుండా కాపాడుతుంది.

మా మేనకోడలు కూడా టిబిలిసిలోనే చదివింది. 2019 సెప్టెంబరు ఆఖరులో దాన్ని చూద్దామని వెళ్లి, దాని క్లాస్‌మేట్ వాళ్ల ఊళ్లో, కఖేతిలోనే, నాలుగు రోజులున్నాను. పేర్లు రాయడానికి వాళ్లను అడగలేదు కాబట్టి రాయను. నేను వెళ్లిన రోజు బాన కడుగుతున్నారు. చెర్రీ చెట్టు బెరడును పొరలు పొరలుగా కర్ర చివర కట్టి తోమారు. ఇంటిపెద్ద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా బానలోకి పెట్టి, నీళ్లు తోడి పోశాడు. తోడటానికి వాడింది ఏమిటో తెలుసా? పొడుగాటి కర్రకు కట్టిన ఎండు సొరకాయ బుర్ర! మా నాయనమ్మ ఇంట్లో విత్తనాలు దాచిన బుర్ర గుర్తొచ్చి నా కళ్లు చెమర్చాయి. తోడిన నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత మసకగా, ఆ తర్వాత తేటగా వచ్చాయి. చివరి బుర్రలో నీళ్లు దోసిట్లో పోసుకుని ఆయన తాగాడు. తాగి, తల ఊపి, లేచాడు. బాన శుభ్రమైందో లేదో చూసుకునే పరీక్ష అదే. తాగడానికి పనికిరాని నీళ్లొస్తే మళ్లీ తోమాలి.

మీ బాబుకు ఒక్క జాగ్రత్త చెప్పండి. ద్రాక్ష పులిసే రోజుల్లో ఆ గదిలో, బానలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలి కంటే బరువు కాబట్టి కిందే ఉంటుంది, వాసన ఉండదు. మన దగ్గర పాడుబడ్డ బావుల్లో దిగి ఊపిరాడక పోయినవాళ్ల వార్తలు వింటుంటాం కదా, అదే ప్రమాదం ఇక్కడా ఉంది. సరదాకి కూడా బానలోకి తల పెట్టవద్దనండి. ఇంటివాళ్లు రమ్మంటే తప్ప ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లవద్దనండి.

"మళ్లీ వాడకంలోకి తెచ్చారు" అని రాశారు. మధ్యలో ఎందుకు ఆగిపోయింది? 8,000 ఏళ్ల చరిత్ర అంటారు, అది నిజమేనా? – ఒక అధ్యాపకుడు, కర్నూలు

ఎనిమిది వేల ఏళ్ల మాట ఊరికే అన్నది కాదండీ. టిబిలిసికి దక్షిణాన గదచ్రిలి గోర, షులవేరి గోర అనే దిబ్బలున్నాయి. అక్కడ తవ్వకాల్లో దొరికిన మట్టి పాత్రల పెంకుల్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. క్రీస్తుపూర్వం 6000 నుంచి 5800 మధ్య కాలపు ఆ పెంకుల్లో టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు దొరికాయి. మన చింతపండు పులుపులో ఉండేది కూడా ఆ ఆమ్లమే. కాకపోతే కాకసస్ ప్రాంతంలో చింతచెట్టు లేదు, ద్రాక్ష ఉంది. అందుకే అది ద్రాక్ష ఆనవాలని తేల్చారు.

ఇక ఆగిపోవడం సంగతి. 1921లో జార్జియా సోవియట్ల చేతిలోకి వెళ్లింది. ఆ తర్వాత పొలాలు సమష్టి క్షేత్రాల్లో కలిసిపోయాయి, ద్రాక్ష ప్రభుత్వ ఫ్యాక్టరీలకు పోయింది. అక్కడ కావలసింది టన్నులు. ఆ దేశానికి ఐదు వందలకు పైగా సొంత ద్రాక్ష రకాలున్నాయి. కానీ ఫ్యాక్టరీలకు ముఖ్యంగా రెండే నచ్చాయి, తెల్లదాంట్లో ర్కత్సితెలి, ఎర్రదాంట్లో సపెరావి. మంచి రకాలే రెండూ, నేను వాటిని తప్పు పట్టను. కానీ ఎక్కువ దిగుబడి కోసం వాటినే నాటుకుంటూ పోతే మిగతావి గట్ల మీదికి, పెరళ్లలోకి, చివరికి పాత మనుషుల జ్ఞాపకాల్లోకి వెళ్లిపోయాయి. మన వరి వంగడాలకు ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ పైన 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యం మాన్పించే ఉద్యమం మొదలుపెట్టాడు. ఉద్దేశం మంచిదే అయినా, ఆ ఊపులో తోటలకు తోటలే పీకించారు. ద్రాక్ష తీగ అరవై, డెబ్భై ఏళ్లు కాస్తుంది. దాన్ని పీకడానికి ఒక పూట చాలు. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ వెంటే అంతర్యుద్ధం, కరెంటు లేని చలికాలాలు. కాస్త కుదుటపడ్డారనుకునేసరికి 2006 మార్చిలో రష్యా జార్జియా వైన్ మీద నిషేధం పెట్టింది. అప్పటిదాకా ఎగుమతుల్లో సింహభాగం రష్యాకే. ఆ తలుపు 2013 దాకా తెరుచుకోలేదు.

నాకు ముఖ్యమనిపించేది ఈ మధ్యకాలంలో ఇళ్లలో జరిగిన పని. సోవియట్ రోజుల్లో కూడా ఇంటి చుట్టూ కొద్దిపాటి స్థలం కుటుంబానికి వదిలారు. అందులో రెండు మూడు వరసల తీగ, గదిలో ఒకటో రెండో బానలు మిగిలాయి. ఫ్యాక్టరీకి ఇచ్చేది ఫ్యాక్టరీకి ఇచ్చి, ఇంటి అవసరానికి, పెళ్లికి, చావుకు, పండక్కి కావలసింది పాత పద్ధతిలోనే చేసుకున్నారు. అమ్మకానికి కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కుటుంబాలు మళ్లీ సీసాల మీద తమ పేరు వేసుకునే రోజు వచ్చినప్పుడు విత్తనం, పనితనం ఆ పెరట్లోంచే వచ్చాయి. పెరట్లో ఏమీ మిగలకపోయి ఉంటే ఎంత డబ్బు పెట్టినా తిరిగి వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ చెబుతాను. టిబిలిసి నుంచి ఎక్కువ దూరం లేదు, చర్దఖి అనే ఊరు. అక్కడ యాగో బితారిష్విలి అనే ఆయన చినురి అనే తెల్ల ద్రాక్షతో తాతల మరానిలోనే వైన్ చేస్తాడు. ఆ మరానిలో మూడు వందల ఏళ్ల నాటి బానలున్నాయని చెబుతారు. తోట చిన్నది, మన లెక్కలో ఐదారు ఎకరాలు. ఇంకా ఎవరూ ఆ మాట ఎత్తని రోజుల్లో, 2005లోనే, సేంద్రియ ధ్రువీకరణ తెచ్చుకున్నాడు. జార్జియాలో ఆ పని చేసిన తొలివాళ్లలో ఆయనొకడు. నిషేధం పడినప్పుడు పెద్ద ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. ఇలాంటి చిన్నవాళ్లు ఇటలీ, జపాన్ వైపు చూశారు. అక్కడివాళ్లు కోరుకున్నది సరిగ్గా ఈ పాత రుచినే.

ఆయన భార్య మరీనా కుర్తనిద్జె సంగతి నేను ఇంకా ఇష్టంగా చెబుతాను. మరాని మగవాళ్ల చోటు అని అక్కడ ఆనవాయితీ. ద్రాక్ష కోతకు ఆడవాళ్లు కావాలి, వంటకు కావాలి, బాన దగ్గరికి మాత్రం వద్దు. ఆమె 2012లో ఒక స్నేహితురాలితో కలిసి సొంత వైన్ చేసి సీసాకు ఎక్కించింది. దానికి పెట్టిన పేరు మందిలి, అంటే ఆడవాళ్ల తలగుడ్డ. మగవాళ్లు కత్తులు దూసినప్పుడు ఆడమనిషి తలగుడ్డ తీసి మధ్యలో పడేస్తే పోట్లాట ఆపాలన్నది ఆ దేశపు పాత మర్యాద. ఆ పేరు వెనకున్న ఆత్మగౌరవం నాకు చాలా నచ్చింది.

2013 డిసెంబరులో యునెస్కో ఈ క్వెవ్రి పద్ధతిని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. దానివల్ల గిరాకీ పెరిగింది, బానలు చేసే కుమ్మరి కుటుంబాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. వాళ్ల దగ్గర నెలల తరబడి వరసలో ఉండాల్సి వస్తోంది.

నాకు మూడెకరాల థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష ఉంది. కత్తిరింపు దగ్గర్నుంచి కోత దాకా మందు కొట్టని వారం ఉండదు. వాళ్లు మందులు లేకుండా పండిస్తున్నారంటే నమ్మమంటారా? – ఒక రైతు, మేడ్చల్ జిల్లా

సగం నమ్మండి తమ్ముడూ. మిగతా సగం నేను విడమరిచి చెబుతాను.

మందులు లేవనడం సరికాదు. సేంద్రియం అన్న తోటల్లో కూడా గంధకం కొడతారు, బోర్డో మిశ్రమం కొడతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన అదే పాత నీలి నీళ్లు. బూజు తెగులు, బూడిద తెగులు రెండూ పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చి పడ్డవే. వాటి ముందు జార్జియా రకాలకు ప్రత్యేకమైన రక్షణేమీ లేదు. పైగా రాగి నేలలో పేరుకుంటుంది, పోదు. అందుకే ఐరోపా సంఘం ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి వాడకూడదని హద్దు పెట్టింది. ఐరోపాలో సేంద్రియం పేరుతో అమ్మాలంటే ఆ హద్దులో ఉండాలి.

వాళ్లకు కలిసొచ్చేవి చూడండి. అక్కడ తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, ఆ చలికి చాలా పురుగు చస్తుంది. ఏడాదికి ఒకటే కత్తిరింపు. మనం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. మన తీగకు విశ్రాంతే ఉండదు. అక్టోబరు చిగురు మీద ఒక్క తుపాను వాన పడితే బూజు తెగులు ఎంత పని చేస్తుందో మీకు తెలియనిది కాదు. ఇంకొకటి, మీ గుత్తి బజార్లో కంటికి నచ్చాలి. పండు లావెక్కాలని జిబ్బరెల్లిక్ ఆమ్లంలో గుత్తి గుత్తినీ ముంచుతారు. వైన్‌కు పండు చిన్నదిగా, తొక్క మందంగా ఉండటమే కావాలి. మచ్చ ఉన్నా ఫర్వాలేదు, కుళ్లు మాత్రం ఉండకూడదు. మీ మీద ఉన్న టెన్షన్ వాళ్ల మీద లేదు. దిగుబడి మనకంటే తక్కువ తీస్తారు, ఆ తేడా సీసా ధరలో రాబట్టుకుంటారు. సేంద్రియ ద్రాక్షను మామూలు ధరకు అమ్మితే వాళ్లూ నిలవలేరు.

వాళ్ల కష్టం వేరే ఉంది. కఖేతిలో వడగళ్లు. కోతకు వారం ముందు పావుగంట పడితే ఏడాది పంట నేలపాలు. ప్రభుత్వం మబ్బుల్లోకి రాకెట్లు పేల్చి వడగళ్లను చెదరగొట్టే ఏర్పాటు పెట్టింది. అయినా ఆకాశం నల్లబడితే ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

నేర్చుకోదగ్గవి కూడా ఉన్నాయి. నేనున్న ఇంట్లో వరసల మధ్య గడ్డిని పీకరు. మోకాలెత్తు పెరిగాక కోసి అక్కడే పరుస్తారు. దున్నకపోవడంతో వాలు నేల వానకు కొట్టుకుపోదు. కత్తిరించిన పుల్లల్ని కట్టలు కట్టి దాస్తారు, మాంసం కాల్చడానికి ఆ నిప్పులే శ్రేష్ఠమని వాళ్ల నమ్మకం. నేను మాంసం తినను కాబట్టి అదే నిప్పుల మీద వంకాయ కాల్చి, అక్రోట్ ముద్ద నూరి కలిపి పెట్టారు. బాన అడుగున మిగిలిన తొక్క, గింజ పారేయరు, బట్టీ పెట్టి చాచా అనే ఘాటు సారా తీస్తారు. ఆ తర్వాత మిగిలిన పిప్పి ఎరువు గుంతలోకి పోతుంది, అక్కణ్నుంచి మళ్లీ తీగ మొదట్లోకి.

అంతా పచ్చగా ఉందని మాత్రం చెప్పను. బానలు కడగడానికి నీళ్లు చాలా పోతాయి. బరువైన గాజు సీసాలో పోసి ఓడల మీద సగం ప్రపంచం దాటిస్తే, బానలో ఆదా అయిన కరెంటు లెక్క దారిలోనే ఖర్చయిపోతుంది. ఈ మాట వాళ్లతోనే అన్నాను. ఇంటికి దగ్గరవాళ్లు క్యాన్లు తెచ్చుకుని నింపుకుపోతారని, తనకు అదే ఇష్టమని పెద్దాయన చెప్పాడు.

మీకు నా సలహా ఒకటే. మూడెకరాలూ ఒకేసారి మార్చకండి. ఒక చివర పది వరసలు వదిలి, అక్కడ గడ్డి కోసి పరచడంతో మొదలుపెట్టండి. పిండినల్లి, బూజు ఎలా ఉన్నాయో రెండు పంటలు రాసుకోండి. ఆ కాగితాలు నాకు పంపితే చదివి జవాబిస్తాను.

రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిదంటారు. మట్టి పాత్రలో చేసింది ఇంకా మంచిదేమో? – రాజమహేంద్రవరం

కాదండీ. మట్టి బానలో చేసినా అందులో ఉన్నది ఆల్కహాలే. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో దాన్ని ఎప్పుడో చేర్చారు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యం కోసం అయితే మొదలుపెట్టకండి. ద్రాక్ష పండు తినండి, తొక్కతో సహా.

ఇంట్లో పెద్ద ఆవకాయ జాడీ ఖాళీగా ఉంది. అందులో ఈ వైన్ చేసుకోవచ్చా? – ఒక గృహిణి, నెల్లూరు

వద్దమ్మా. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం మన దగ్గర ఎక్సైజ్ చట్టం కింద నేరం. ద్రాక్ష మీద అంత మనసుంటే చుర్చ్‌ఖేలా చేసి చూడండి. ద్రాక్ష కోతల రోజుల్లో జార్జియాలో ప్రతి ఇంటి ముందూ వేలాడుతుంటుంది. చూడటానికి మైనపు వత్తిలా ఉంటుంది, తింటే మన మామిడి తాండ్రకు చుట్టం.

అక్రోట్ పలుకుల్ని జానెడున్నర నూలు దారానికి గుచ్చండి. తీపి ద్రాక్ష పిండి వడకట్టిన రసం లీటరు తీసుకోండి. పావు వంతు రసంలో నూట ఇరవై గ్రాముల గోధుమ పిండి ఉండ కట్టకుండా కలపండి. మిగతా రసం మరిగేటప్పుడు అది పోసి, సన్నటి సెగ మీద కలుపుతూనే ఉండండి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. అప్పుడు దండను ముంచి, కర్రకు వేలాడదీయండి. ఒక పూట ఆరాక మళ్లీ ముంచండి. నేను హైదరాబాద్‌లో మార్చిలో చేస్తే ఐదు రోజుల్లో చేతికి అంటుకోకుండా ఆరింది. మీ నెల్లూరు ఉక్కకు ఇంకో రెండు రోజులు పట్టవచ్చు. ఫ్యాను కింద పెట్టండి. మన ద్రాక్ష వాళ్ల ద్రాక్షంత తీపి ఉండదు కాబట్టి, రసాన్ని ముందే మరిగించి మూడొంతులకు దించితే చక్కెర వేయక్కర్లేదు.

శామీర్‌పేట దగ్గర మా తాతగారి ద్రాక్ష తోట ఉండేది. ఇప్పుడు రెండే తీగలు మిగిలాయి, అనాబ్-ఎ-షాహీ అని నాన్న చెబుతారు. ఆ స్థలం అమ్మేస్తున్నాం. తీగల్ని ఏం చేయాలో తెలియట్లేదు. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

బాబూ, నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మా నాన్న తోట కూడా ఆ వైపే, నాలుగెకరాలు. రాతి కడీలు, వాటి మీద జీఐ తీగ, ఆ పైన పందిరి. ఫిబ్రవరిలో ఆ పందిరి కింద నిలబడితే తలకు గుత్తులు తగిలేవి. అనాబ్-ఎ-షాహీ పండు పొడుగ్గా, లేత తేనె రంగులో, ఎండకు పట్టుకుంటే లోపల గింజలు కనపడేంత పలుచటి తొక్కతో ఉండేది. హైదరాబాద్ ద్రాక్ష అని దేశమంతా పేరు తెచ్చింది అదే. 1998లో మా బోరు ఎండింది. రెండో బోరూ పడలేదు. తోట తీసేశాం, తర్వాత ప్లాట్లు పడ్డాయి. ఉద్యాన శాఖలో ఉండి కూడా నేను ఒక్క పుల్ల దాచలేదు. ఎప్పుడు కావాలన్నా దొరుకుతుందిలే అనుకున్నాను. కఖేతిలో ఆ పెద్దాయన పెరట్లోని ఐదారు పాత రకాల్ని పేరు పేరునా చూపించిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీకు ఇంకా సమయం ఉంది. రిజిస్ట్రేషన్ అక్టోబరు తర్వాత పెట్టుకునేలా చూడు. అక్టోబరు కత్తిరింపు రోజుల్లో ముదురు గోధుమ రంగుకు తిరిగిన, పెన్సిల్ లావు కొమ్మలు ఎంచుకో. మూడు నాలుగు కణుపులుండేలా ముక్కలు చెయ్యి. కింది కోత కణుపుకు ఆనుకుని అడ్డంగా, పై కోత మొగ్గకు అంగుళం పైన ఏటవాలుగా ఉంటే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి సంచుల్లో నింపి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చు. నీడలో పెట్టు, తడి ఆరనివ్వకు, నీళ్లు నిలవనివ్వకు. నెల లోపు చిగురేస్తుంది. చిగురు చూసి తొందరపడకు, వేరు పట్టడానికి ఇంకొంత సమయం కావాలి. జనవరి, ఫిబ్రవరిలో నేలలోకి మార్చవచ్చు. మీ కొత్త చోట నీళ్లు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ వేరు మొక్క మీద అంటు కట్టించు.

ఒక్క చోటే పెట్టకు. ఇరవై పుల్లలు తీస్తే నాలుగు ఇళ్లకు పంచు. రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి ద్రాక్ష పరిశోధన స్థానం ఉంది. ఒక గుత్తి, నాలుగు ఆకులు, కొమ్మ ముక్క తీసుకెళ్లి అది నిజంగా అనాబ్-ఎ-షాహీయేనా అని అడుగు. నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లు, ఆయన చెప్పే వివరాలు వాళ్లకు పనికొస్తాయి.

చిగురేసిన సంచుల్లో ఒకటి నాకు కావాలి. మా ఇంటి మేడ మెట్ల పక్కన రెండు గజాల మట్టి ఉంది. కడీలు కూడా పాతవే రెండు దాచి ఉంచాను.